ఒకే కొండ, రెండు ధర్మాలు

గ్రీకు దేవుళ్లు మాట తప్పినవాణ్ని శిక్షించారు, అతిథికి అండగా నిలిచారు. తమలా బతకమని మాత్రం మనిషిని అడగలేదు. క్రైస్తవ దేవుడు సరిగ్గా అదే అడిగాడు. పాపం, క్షమ, దయ, శత్రువు, పేదవాడు... వీటన్నిటి గురించీ రెండు మతాలు వేరువేరు దారులు పట్టడానికి మూలం అక్కడుంది.

ఏథెన్స్ నగరంలో అక్రోపొలిస్ కోటకు వాయవ్యంగా ఒక బోడి రాతిగుట్ట ఉంది. పేరు ఆరియోపగస్. తెలుగు బైబిలు చదివినవాళ్లు దాన్ని అరేయొపగుగా ఎరుగుదురు. హత్యానేరాలను విచారించే నగరపు పురాతన న్యాయసభకూ అదే పేరు. మంచీచెడులను ఎవరు తేల్చాలన్న ప్రశ్నకు సంబంధించి రెండు గొప్ప సన్నివేశాలు ఈ పేరుతో ముడిపడి ఉన్నాయి. ఒకటి నాటకంలోది, రెండోది అపొస్తలుల కార్యముల గ్రంథంలోది.

క్రీ.పూ. 458లో ఎస్కిలస్ తన ‘ఆరెస్టియా’ నాటకత్రయాన్ని ప్రదర్శించాడు. అందులో ఆరెస్టిస్ తన తల్లిని చంపుతాడు. ఆమె అతని తండ్రిని చంపింది కాబట్టి పగ తీర్చుకోమని చెప్పింది సాక్షాత్తూ అపోలో దేవుడు. అయినా కన్నతల్లి రక్తం కళ్లజూసినవాణ్ని వదిలిపెట్టబోమని ఎరినీలనే ప్రాచీన దేవతలు వెంటపడతారు. తండ్రి పగ తీర్చడం ధర్మమే, తల్లిని చంపకపోవడమూ ధర్మమే. రెండింటి వెనుకా దేవతలే ఉన్నారు. చివరికి ఎథీనా దేవి ఏథెన్స్ పౌరులను పిలిచి ఆరియోపగస్ మీద న్యాయసభ కూర్చోబెడుతుంది. తన మద్దతు ఆరెస్టిస్‌కేనని ప్రకటిస్తుంది. ఓట్లు సరిసమానంగా రావడంతో అతను విడుదలవుతాడు. ఎరినీలను ఎథీనా తరిమేయదు. అనునయించి, గౌరవించి, అదే నగరంలో వాళ్లకు నివాసం కల్పిస్తుంది.

ఆ తర్వాత సుమారు 500 ఏళ్లకు, క్రీ.శ. 50 ప్రాంతంలో, పౌలు ఏథెన్స్ వచ్చాడు. ఊరంతా తిరిగి గుళ్లూ విగ్రహాలూ చూశాడు. ఎవరో తెలియని దేవుడికి అంకితమిచ్చిన బలిపీఠం ఒకటి అతని కంటపడింది. అరేయొపగు సభలో నిలబడి దాని గురించే మొదలుపెట్టాడు. లోకాన్ని సృష్టించిన దేవుడు మనుషులు కట్టిన గుళ్లలో ఉండడన్నాడు. మనుషులందరినీ ఒకే మూలం నుంచి పుట్టించాడన్నాడు. అందరూ మారుమనస్సు పొందాలని, లోకమంతటికీ తీర్పు తీర్చే రోజు నిర్ణయమై ఉందని, తీర్పరిని దేవుడు మృతుల్లోంచి లేపాడని చెప్పాడు. పునరుత్థానం మాట వినగానే కొందరు నవ్వారు. కొందరు మళ్లీ ఎప్పుడైనా వింటామన్నారు. దియొనూసియు అనే సభ్యుడు, దమరి అనే స్త్రీ, మరికొందరు నమ్మారు.

ఎస్కిలస్ నాటకంలో దేవతల తగవు మనుషుల ఓటు దాకా వచ్చింది. పౌలు ప్రసంగంలో మనుషులందరి తగవూ ఒకే దేవుడి తీర్పు ముందుకు వెళ్లింది. గ్రీకు మతంలో నీతే లేదని, క్రైస్తవం వచ్చాకే లోకానికి అది తెలిసిందని చెప్పేవాళ్లున్నారు. గ్రీకులది ఆనందమయ జీవితమని, పాపభీతి అంటించి దాన్ని క్రైస్తవం పాడుచేసిందని వాదించేవాళ్లూ ఉన్నారు. గ్రంథాలూ శాసనాలూ తిరగేస్తే ఈ రెండు వాదాలూ నిలవవు. నీతి రెండు చోట్లా ఉంది. దానికి దేవుడితో ఉన్న సంబంధంలోనే తేడా.

ఒట్టుకు కాపలా

ప్రాచీన గ్రీకుల మతానికి స్థాపకుడు లేడు, పవిత్ర గ్రంథం లేదు, కచ్చితంగా నమ్మి తీరాల్సిన సిద్ధాంతాల జాబితా లేదు. గుళ్లున్నాయి, పండుగలున్నాయి, బలులున్నాయి. బలి పశువు తొడ ఎముకలను కొవ్వులో చుట్టి దేవుడి పేర కాల్చేవారు, మాంసం అందరూ పంచుకు తినేవారు. ప్రజలకు నీతులు బోధించడం పూజారుల పని కాదు. ఏథెన్స్‌లో ఎథీనా నైకీ గుడి పూజారిణిని పౌర స్త్రీలందరిలోంచీ చీటీ తీసి ఎంపిక చేసేలా నిబంధన పెట్టారంటే, పూజారికి ప్రత్యేకమైన తపస్సో పాండిత్యమో అక్కర్లేదనే కదా.

దేవుళ్ల కథలు చూస్తే ఇంకా విస్మయం కలుగుతుంది. జ్యూస్ పరస్త్రీల వెంట తిరుగుతాడు. హెర్మిస్ పుట్టినరోజునే అన్న అపోలో పశువుల మందను దొంగిలిస్తాడు. మనుషుల్లో సిగ్గుచేటనిపించే దొంగతనం, వ్యభిచారం, మోసం అన్నిటినీ హోమర్, హెసియడ్ దేవుళ్లకు అంటగట్టారని జెనోఫనీస్ అనే తాత్విక కవి క్రీ.పూ. ఆరో శతాబ్దంలోనే నిలదీశాడు. పిల్లలకు ఇలాంటి కథలు చెప్పకూడదని ప్లేటో తన ‘రిపబ్లిక్’లో గట్టిగా వాదించాడు.

అయితే ఈ కథలను మామూలు గ్రీకువాడు నీతిపాఠాలుగా చదవలేదు. దేవుడు బలవంతుడు, చావు లేనివాడు. అతను చేసినట్టు మనిషి చేయాలని ఎవరూ అనుకోలేదు. పైగా దేవుళ్లతో సమానమనుకోవడమే గ్రీకుల దృష్టిలో పెద్ద తప్పు. డెల్ఫీలోని అపోలో గుడి దగ్గర చెక్కిన ప్రసిద్ధ సూక్తులు మనిషిని తన హద్దు తెలుసుకోమన్నాయి, దేనిలోనూ అతి వద్దన్నాయి.

ఆ హద్దుల్లో కొన్నిటికి దేవుళ్లే స్వయంగా కాపలా కాశారు. ఇంటికొచ్చిన అతిథికి, శరణు కోరినవాడికి, వేసిన ఒట్టుకు జ్యూస్ రక్షకుడు. ఈ మూడు పనులకూ అతనికి మూడు వేర్వేరు బిరుదులున్నాయి. ట్రాయ్ యుద్ధానికి మూలం అతిథిగా వచ్చిన పారిస్ తనకు అన్నం పెట్టిన మెనెలాస్ భార్యను తీసుకుపోవడం. ‘ఒడిస్సీ’ మొత్తం అతిథి మర్యాద పాటించినవాళ్ల కథ, దాన్ని మంటగలిపినవాళ్ల కథ. కన్నవాళ్లను ఆదరించడం, చచ్చినవాళ్లను పూడ్చిపెట్టడం కూడా దేవుళ్ల పర్యవేక్షణలో ఉన్న ధర్మాలే. న్యాయదేవత జ్యూస్ కూతురని, మనుషుల అన్యాయాలను తండ్రి పక్కన కూర్చుని చెబుతుందని, జ్యూస్ తరఫున ముప్పై వేలమంది అమరులు భూమ్మీద తిరుగుతూ మనుషుల తీర్పులను గమనిస్తుంటారని రైతు కవి హెసియడ్ రాశాడు.

ఒలింపియా క్రీడల్లో ఈ కాపలా కంటికి కనిపించేది. అక్కడి సభామందిరంలో రెండు చేతుల్లోనూ పిడుగులు పట్టుకున్న జ్యూస్ విగ్రహం ఉండేది. ఆటగాళ్లు, వాళ్ల తండ్రులు, అన్నదమ్ములు, శిక్షకులు అడవిపంది మాంసపు ముక్కల సాక్షిగా మోసం చేయమని ప్రమాణం చేసేవారు. క్రీ.పూ. 388లో థెస్సలీకి చెందిన యూపొలస్ అనే ముష్టియోధుడు ప్రత్యర్థులకు లంచమిచ్చి దొరికిపోయాడు. ఆ జరిమానా సొమ్ముతో జ్యూస్ కంచు విగ్రహాలు పోయించి క్రీడామైదానానికి వెళ్లే దారిలో నిలబెట్టారు. తర్వాతి కాలంలో పట్టుబడ్డవాళ్ల జరిమానాలతో మరికొన్ని చేరాయి. వాటి పీఠాలు ఇప్పటికీ అక్కడున్నాయి.

మనసులో తప్పు

గ్రీకు నీతికి బయటి పనే ముఖ్యం, లోపలి ఉద్దేశంతో పని లేదన్నది తరచూ వినిపించే మాట. హెరొడోటస్ రాసిన ఒక కథ ఆ అభిప్రాయాన్ని సరిదిద్దుతుంది. స్పార్టాలో గ్లాకస్ అనే నిజాయితీపరుడు ఉండేవాడు. అతని పేరు విని మిలెటస్ నగరవాసి ఒకడు తన ఆస్తిలో సగం వెండిగా మార్చి అతని దగ్గర దాచాడు. ఏళ్లు గడిచాక అతని కొడుకులు ఆనవాళ్లతో సహా వచ్చి అడిగారు. తనకేమీ గుర్తులేదని గ్లాకస్ వాళ్లను వాయిదా వేసి పంపేశాడు. డెల్ఫీకి వెళ్లి, దొంగ ఒట్టు వేసి సొమ్ము ఉంచేసుకోవచ్చా అని అపోలోనే అడిగాడు. అబద్ధపు ఒట్టు ఇవాళ లాభమే కానీ, ఆ ఒట్టుకు పుట్టే సంతానం కాళ్లూ చేతులూ లేకుండానే వెంటాడి వంశాన్నంతా తుడిచేస్తుందని పూజారిణి చెప్పింది. గ్లాకస్ భయపడి క్షమాపణ అడిగాడు. దేవుణ్ని అలా పరీక్షించడం, ఆ పని చేయడం రెండూ ఒకటేనని జవాబొచ్చింది. అతను సొమ్ము తిరిగిచ్చేశాడు. అయినా గ్లాకస్ వంశం స్పార్టాలో వేళ్లతో సహా పోయిందంటాడు హెరొడోటస్ గ్రంథంలో ఈ కథ చెప్పే స్పార్టా రాజు.

అంటే, తలపులోనే తప్పు ఉందన్న ఎరుక కొండమీది ప్రసంగానికి ఐదు శతాబ్దాల ముందే గ్రీకు మతంలో ఉంది. మత్తయి సువార్తలో యేసు దాన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. హత్య సంగతి అటుంచి, సోదరుడి మీద కోపమే తీర్పుకు తగిన నేరమన్నాడు. వ్యభిచారం చేయకపోతే చాలదు, ఆ చూపు కూడా తప్పేనన్నాడు. గ్లాకస్ ఒక ఒట్టు విషయంలో తూలాడు. యేసు బోధలో మనసులోని ప్రతి కదలికా లెక్కలోకి వచ్చింది. ఇక్కడ క్రైస్తవం మనిషి అంతరంగాన్ని అపారంగా వెలిగించింది. ఆత్మపరిశీలన అనే గొప్ప సాహిత్యం దాంట్లోంచే పుట్టింది. అగస్టీన్ ‘కన్ఫెషన్స్’ దానికి తొలి శిఖరం. అదే వెలుగు సున్నిత మనస్కులెందరినో తీరని అపరాధభావంలోకి నెట్టింది కూడా.

శిక్ష ఎవరిదన్న విషయంలో దారులు విడిపోయాయి. గ్రీకు కథలో తాత తప్పు మనవడు మోస్తాడు. గ్లాకస్ వంశం, ఆరెస్టిస్ తండ్రి అగమెమ్నాన్ వంశం, ఈడిపస్ వంశం అలా బాధపడినవే. మనుషులందరికీ ఆదాము పాపం సంక్రమించిందన్న సిద్ధాంతం క్రైస్తవంలో బలపడినా, చివరి తీర్పులో నిలబడాల్సింది ఎవరికి వారే. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఇది ఇతని పాపమా, కన్నవాళ్ల పాపమా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదని యేసు చెప్పడం యోహాను సువార్తలో ఉంది.

మైల, మారుమనస్సు

గ్రీకు మతంలో నీతికి పక్కనే మరో శక్తి ఉండేది, మైల. పుట్టుక, చావు, రక్తపాతం మైల తెస్తాయి. తెలిసి చేసినా తెలియక చేసినా అది అంటుకుంటుంది. సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ చంపినవాడు తండ్రి అని, పెళ్లాడింది తల్లిని అని అతనికి తెలియదు. అయినా థీబ్స్ నగరం తెగులుతో అల్లాడుతుంది. అపోలో పుట్టిన డెలోస్ దీవిని శుద్ధి చేయడానికి ఏథెన్స్ వాళ్లు క్రీ.పూ. 426–25 చలికాలంలో అక్కడి సమాధులన్నీ తవ్వి తీసేశారు. ఇకపై ఆ దీవిలో ఎవరూ పుట్టకూడదు, చావకూడదు అని శాసించారు. నిండు చూలాళ్లను, చావుకు దగ్గరపడ్డవాళ్లను పక్క దీవికి తరలించేవారు.

గ్రీకుల ఆలోచన అక్కడే ఆగిపోలేదు. క్రీ.పూ. 621 ప్రాంతపు డ్రాకో చట్టం తెలియక చేసిన హత్యను తెలిసి చేసినదాని నుంచి వేరుచేసింది. తెలియక చంపినవాడికి దేశబహిష్కారం విధించి, చనిపోయినవాడి బంధువులు క్షమిస్తే తిరిగొచ్చే వీలిచ్చింది. సోఫోక్లిస్ చివరి నాటకంలో ముసలి ఈడిపస్, తెలియక చేసినదానికి తాను దోషినెలా అవుతానని నిలబడి వాదిస్తాడు. మైలకూ నేరానికీ మధ్య గీత గీయడానికి గ్రీకు న్యాయస్థానం, నాటకరంగం కలిసి శ్రమించాయి.

క్రైస్తవంలో మైల చోటు మారింది. మనిషిని అపవిత్రం చేసేది బయటినుంచి లోపలికి పోయేది కాదని, హృదయంలోంచి బయటికొచ్చే దురాలోచనలని మార్కు సువార్తలో యేసు చెప్పాడు. మైల మనసుకు చేరాక పంది రక్తంతో, సముద్రపు నీటితో చేసే శుద్ధి పనికిరాదు. మారుమనస్సు కావాలి, క్షమ కావాలి.

ఇక్కడే రెండు మతాల మధ్య అన్నిటికన్నా లోతైన తేడా బయటపడుతుంది. దాన్ని చూపడానికి యూరిపిడిస్ క్రీ.పూ. 428లో ప్రదర్శించిన ‘హిప్పొలిటస్’ను మించింది లేదు. యువరాజు హిప్పొలిటస్ బ్రహ్మచారి, ఆర్టెమిస్ దేవికి పరమభక్తుడు. తనను లెక్కచేయలేదని ఆఫ్రొడైటీ దేవి పగబట్టి, అతని సవతితల్లి ఫీడ్రాలో అతనిపై మోహం రగిలిస్తుంది. ఆమె అవమానభారంతో ఉరేసుకుంటూ అతని మీద అబద్ధపు నింద రాసిపెడుతుంది. నిజం చెబితే హిప్పొలిటస్ బతికిపోతాడు. కానీ ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు, దాన్ని తప్పడు. తండ్రి థీసియస్ శపిస్తాడు. సముద్రంలోంచి వచ్చిన ఎద్దును చూసి గుర్రాలు బెదిరి, రథం బద్దలై, కొడుకు ఛిద్రమైపోతాడు.

అప్పుడు ఆర్టెమిస్ వస్తుంది. నిజం చెబుతుంది. ఒక దేవత సంకల్పానికి ఇంకో దేవత అడ్డుపడకపోవడం తమ కట్టడి అంటుంది. ఆఫ్రొడైటీకి ప్రియమైన మనిషినొకణ్ని చంపి పగ తీర్చుకుంటానంటుంది. దేవతలు కన్నీరు కార్చకూడదంటుంది. చావు చూస్తే తనకు మైల కాబట్టి, జీవితమంతా తనను కొలిచినవాడి ఊపిరి పోకముందే వెళ్లిపోతుంది. రంగస్థలం మీద మిగిలింది తండ్రీ కొడుకులు. కొడుకు తండ్రిని క్షమించి ప్రాణం విడుస్తాడు.

గ్రీకు నాటకంలో క్షమ మనిషి చేతిలో ఉంది, దేవుడికి దాంతో పని లేదు. అంత బాధలోనూ మనిషి దేవతకన్నా ఉన్నతంగా నిలబడ్డాడు. యూరిపిడిస్ మానవుడికి ఇచ్చిన గౌరవం ఇది. ఇక సువార్తల్లోకి రండి. యేసు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడుస్తాడు. కుష్ఠురోగిని చేత్తో ముట్టుకుంటాడు. చనిపోయిన బాలిక చెయ్యి పట్టుకుని లేపుతాడు. శిలువ మీద తనను చంపుతున్నవాళ్లను క్షమించమని తండ్రిని వేడుకుంటాడు. ఆర్టెమిస్ తప్పించుకున్న కన్నీరు, మైల, చావు మూడింటినీ క్రైస్తవం తన దేవుడి మీదే వేసింది. క్షమ దేవుడి స్వభావమైపోయింది. అందుకే అది అనుసరించేవాళ్లకు ఆజ్ఞ కూడా అయింది. శిష్యుల కాళ్లు కడిగి, మీరూ ఇలాగే చేయండని చెప్పిన గురువు గ్రీకు దేవగణంలో ఊహకందడు. సత్పురుషుడు తనకు తగిన గౌరవాన్ని హక్కుగా కోరుకుంటాడని అరిస్టాటిల్ రాశాడు. క్రైస్తవం ఆ చోట వినయాన్ని కూర్చోబెట్టింది.

నా వాళ్లెవరు?

మిత్రుడికి మేలు చేయాలి, శత్రువుకు కీడు చేయాలి. సామాన్య గ్రీకు పౌరుడికి ఇది సిగ్గుపడాల్సిన మాట కాదు, ధర్మసూత్రం. దాన్ని మొదట గట్టిగా ఎదిరించిన గ్రీకువాడు సోక్రటీస్. చెరసాలలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ, అన్యాయానికి బదులు అన్యాయం చేయకూడదని మిత్రుడు క్రీటోకు చెప్పినట్టు ప్లేటో రాశాడు. అంతకుముందే హోమర్, కొడుకును చంపిన అకిలీజ్ చేతులు ముద్దాడి శవాన్ని అడుక్కున్న ముసలి రాజు ప్రయామ్‌ను చూపించాడు. ఇద్దరు శత్రువులూ కలిసి ఏడ్చిన ఘట్టంతోనే ‘ఇలియడ్’ ముగింపుకొస్తుంది. ఏథెన్స్ బజారులో దయకు ఒక బలిపీఠం ఉండేదని యాత్రికుడు పౌసానియస్ రాశాడు. గ్రీకులకు దయ తెలుసు. కాకపోతే అది గొప్ప మనసున్నవాడి ఔదార్యం. అందరూ పాటించి తీరాల్సిన ఆజ్ఞ కాలేదు.

శత్రువును ప్రేమించమన్న యేసు దాన్ని ఆజ్ఞ చేశాడు. మంచి సమరయుడి కథలో దోపిడీకి గురై దారిపక్కన పడివున్నవాణ్ని ఆదుకున్నది పూజారి కాదు, వేరే తెగవాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే తనకు పెట్టినట్టేనన్నది మత్తయి సువార్తలోని తీర్పు దృశ్యం. అతిథిని జ్యూస్ కాపాడాడు. ఇక్కడ అతిథి దేవుడే.

ఈ తేడా బతుకుల్లో ఎక్కడ తగిలిందో చూడాలంటే పసిబిడ్డలను చూడాలి. గ్రీకు, రోమన్ సమాజాల్లో వద్దనుకున్న శిశువును బయట వదిలేయడం తండ్రి హక్కు. ఈడిపస్ కూడా అలా కొండమీద వదిలేసిన బిడ్డే. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో క్రీ.పూ. 1 నాటి గ్రీకు ఉత్తరం ఒకటి దొరికింది. అలెగ్జాండ్రియాలో పనికి వెళ్లిన హిలేరియన్ అనేవాడు ఇంటి దగ్గరున్న ఆలిస్‌కు రాశాడు. బిడ్డను బాగా చూసుకోమంటాడు, జీతం రాగానే పంపుతానంటాడు, నిన్నెలా మరిచిపోతానంటాడు. పుట్టబోయేది మగపిల్లాడైతే ఉంచమని, ఆడపిల్లయితే పారేయమని కూడా అదే ఉత్తరంలో రాస్తాడు. రాసినవాడు క్రూరుడు కాడు. అతని మతంలోని ఏ దేవుడూ ఆ శిశువు తరఫున మాట్లాడలేదు, అంతే.

యూదులు ఈ ఆచారాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. స్టోయిక్ తాత్వికుడు ముసోనియస్ రూఫస్ కూడా వ్యతిరేకించాడు. యూదుల వారసత్వంగా వచ్చిన ఆ పట్టుదలను క్రైస్తవులు యూదులు, యూదేతరులు అన్న భేదం లేకుండా తమ సంఘంలో చేరిన ప్రతివారికీ నియమం చేశారు. ‘డిడాకే’ అనే తొలినాటి క్రైస్తవ గ్రంథం శిశుహత్యను స్పష్టంగా నిషేధించింది. మగవాడి శీలం విషయంలోనూ ఇంతే. ఏథెన్స్ చట్టంలో భర్త వేశ్య దగ్గరికో బానిస దగ్గరికో పోవడం నేరం కాదు. కొరింథు సంఘానికి రాసిన లేఖలో పౌలు భార్యకు పెట్టిన నియమమే భర్తకూ పెట్టాడు.

బానిసత్వం దగ్గర రెండు ధర్మాలూ తలదించుకోవాలి. పుట్టుకతోనే కొందరు బానిసలని అరిస్టాటిల్ సమర్థించాడు. అయినా మనిషిని అవమానించడాన్ని నేరం చేసిన ఏథెన్స్ చట్టం, బానిసను అవమానించినా వర్తించేది. క్రీస్తులో దాసుడూ స్వతంత్రుడూ అన్న భేదం లేదన్న పౌలు, ఒనేసిము అనే దాసుణ్ని యజమాని ఫిలేమోను దగ్గరికే తిరిగి పంపాడు, సోదరుడిలా చేర్చుకోమని లేఖ ఇచ్చి. దేవుడి రూపంలో పుట్టిన మనిషికి వెల కట్టే హక్కు ఎవరిచ్చారని నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగరీ గర్జించాడు. ఆ మాట చర్చి మొత్తం వినడానికి వెయ్యేళ్లకు పైగా పట్టింది.

చావు తర్వాత

హోమర్ పాతాళంలో మంచివాడూ చెడ్డవాడూ ఒకేలాంటి నీడలు. చచ్చి రాజుగా ఉండేకన్నా బతికి భూమ్మీద కూలివాడిగా ఉండటం మేలని అక్కడ అకిలీజ్ వాపోతాడు. దేవుళ్లనే నేరుగా అవమానించిన టాంటలస్, సిసిఫస్ లాంటి కొద్దిమందికే శిక్షలు. మరింత ఆశ కోరుకున్నవాళ్లు ఎల్యూసిస్‌లోని రహస్య దీక్షకు వెళ్లేవారు. గ్రీకు తెలిసిన స్త్రీలకూ బానిసలకూ అక్కడ ప్రవేశం ఉండేది, హంతకులకు ఉండేది కాదు. సగటు గ్రీకువాడు మంచిగా ఉన్నది స్వర్గం కోసం కాదు. ఇంటి పరువు, ఊరి మన్నన, దేవుళ్ల కాపలా అతనికి చాలాయి. క్రైస్తవం ప్రతి మనిషికీ నిత్యజీవం ముందుంచింది. లోకంలో న్యాయం దొరకని దీనులకు అది గొప్ప ఊరట. నరకభయాన్ని ఆయుధంగా వాడుకున్న కాలాల్లో అదే ఊరట సంకెలగానూ మారింది.

జూలియన్ పోటీ, బాసిల్ జవాబు

రెండు ధర్మాలూ ముఖాముఖి తలపడిన ఘట్టం నాలుగో శతాబ్దంలో వచ్చింది. క్రీ.శ. 355 ప్రాంతంలో ఏథెన్స్‌లో ముగ్గురు యువకులు చదువుకున్నారు. జూలియన్, బాసిల్, నాజియాన్జస్‌కు చెందిన గ్రెగరీ. తర్వాతి ఇద్దరూ క్రైస్తవ లోకంలో మహాచార్యులయ్యారు. క్రైస్తవుడిగా పెరిగిన జూలియన్ 361లో రోమన్ చక్రవర్తి అయ్యాక పాత దేవుళ్లను తిరిగి నిలబెట్టడానికి నడుం కట్టాడు.

గుళ్లు తెరిపించినంత మాత్రాన జనం రాలేదు. క్రైస్తవులు తమ పేదలనే కాకుండా పరమతస్థుల పేదలనూ పోషిస్తున్నారని, అది పాత మతానికి సిగ్గుచేటని గలాతియా ప్రధాన పూజారికి జూలియన్ రాసిన ఉత్తరం ఒకటుంది. ఊరూరా సత్రాలు కట్టమన్నాడు. 30,000 మోడియస్‌ల ధాన్యం, 60,000 పైంట్ల ద్రాక్షసారా కేటాయించాడు. ఐదో వంతు పూజారుల కింద పనిచేసే పేదలకు, మిగతాది పరదేశులకు, బిచ్చగాళ్లకు పంచమన్నాడు. పరదేశులూ బిచ్చగాళ్లూ జ్యూస్ పంపినవాళ్లేనన్న హోమర్ మాటను ఆధారంగా చూపాడు. ఈ ఉత్తరాన్ని ఐదో శతాబ్దపు చర్చి చరిత్రకారుడు సోజోమెన్ భద్రపరిచాడు. అది అచ్చంగా జూలియన్‌దేనా అని ఇటీవలి పండితుల్లో చర్చ ఉంది. కానీ పేదలను ఆదుకోమని పూజారులకు హితవు చెప్పిన మరో లేఖ కూడా అతనిది ఉంది.

జూలియన్ ఎత్తుకున్న హోమర్ మాట నిజమైనదే. ఆ విత్తనం గ్రీకు ధర్మంలో వెయ్యేళ్లుగా ఉంది. దాన్ని సత్రంగా, ధాన్యపు కొట్టుగా, రోజువారీ పనిగా మార్చే సంఘం మాత్రం ఆ మతానికి లేదు. గడపలోకి వచ్చిన పరదేశికి జ్యూస్ అండ. గడప దాకా రాలేనివాణ్ని వెతుక్కుంటూ వెళ్లమని జూలియన్‌కు ముందు ఏ గ్రీకు పూజారికీ ఎవరూ చెప్పలేదు. 363లో పర్షియా యుద్ధంలో జూలియన్ చనిపోవడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

కొన్నేళ్లకే కప్పడోకియాలోని సిజేరియాలో కరవు వచ్చింది. బాసిల్ ధనికుల గాదెలు తెరిపించి గంజి పోయించాడు. ఊరి బయట రోగులకు, కుష్ఠురోగులకు, బాటసారులకు, పేదలకు ఆశ్రయాల సముదాయం కట్టించాడు. బాసిల్ చనిపోయాక స్మారక ప్రసంగం చేసిన నాజియాన్జస్ గ్రెగరీ దాన్ని ఒక కొత్త నగరంగా వర్ణించాడు. ఆసుపత్రుల చరిత్ర రాసేవాళ్లు తప్పక ఆగే మజిలీ అది.

ఆ వరస మన నేల దాకా వచ్చింది. 1876–78 మహాకరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లో బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతం మారకూడదని కరవు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఊరు వెలివేసిన మనిషిని వెతుక్కుంటూ వచ్చే దేవుడనే మాట వాళ్లకు సిద్ధాంతం కాదు, ఆత్మగౌరవం.

అధికారం చేతికొచ్చాక

దేవుణ్ని ఆదర్శంగా నిలిపే మతానికి ఒక ప్రమాదముంది. దేవుడి మనసు తమకే తెలుసనుకున్నవాళ్లు ఇతరులను బతకనివ్వరు. 391–92లో చక్రవర్తి థియొడోసియస్ చట్టాలు పాత దేవుళ్ల బలులను నిషేధించాయి. ఆ రోజుల్లోనే అలెగ్జాండ్రియాలోని సెరాపియం మహాలయం కూలింది. 415లో గణితవేత్త, తాత్వికురాలు హైపేషియాను క్రైస్తవ మూక చంపింది. శత్రువును ప్రేమించమన్న ఆజ్ఞ ఆ వీధుల్లో వినపడలేదు.

గ్రీకు మతం కూడా ఆ పాపం చేసింది. నగరం కొలిచే దేవుళ్లను గుర్తించలేదని, యువకులను చెడగొట్టాడని క్రీ.పూ. 399లో ఏథెన్స్ సోక్రటీస్‌కు విషమిచ్చింది. అయితే ఆ విచారణకు ముందు న్యాయాధికారి కార్యాలయం దగ్గర జరిగినట్టు ప్లేటో రాసిన సంభాషణ మతాలన్నిటికీ శాశ్వత పరీక్షగా మిగిలింది. యూథిఫ్రో అనేవాడు తన తండ్రి మీదే హత్యానేరం మోపడానికి వస్తాడు. ఇది దేవుళ్లకు నచ్చే పని అంటాడు. జ్యూస్ కూడా తన తండ్రిని బంధించాడు కదా అని ఉదాహరణ చూపిస్తాడు. గ్రీకులు సాధారణంగా చేయని పని, దేవుణ్ని అనుకరించడం, ఇతను చేశాడు. అప్పుడు సోక్రటీస్ అడుగుతాడు: దేవుళ్లు మెచ్చారు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవుళ్లు మెచ్చారా? యూథిఫ్రో జవాబు చెప్పలేక పని ఉందని వెళ్లిపోతాడు.

దేవుడి ఆజ్ఞే మంచికి కొలత అయితే, రేపు ఎవరో దేవుడి పేరుతో హింసను ఆజ్ఞాపించినా మంచే అవుతుంది. ఈ చిక్కును క్రైస్తవ తాత్వికులు దాటవేయలేదు. మంచితనం దేవుడి స్వభావమే కాబట్టి అతని ఆజ్ఞ ఇష్టానుసారం ఉండదని థామస్ అక్వైనస్ లాంటివారు సమాధానం వెతికారు. ఆ వెతుకులాటకు సాధనం గ్రీకు తర్కమే.

గ్రీకు దేవుళ్లు హద్దులు కాశారు గానీ లోపలి నేలంతా మనిషికే వదిలేశారు. ఆ ఖాళీలోనే నాటకం, న్యాయసభ, తత్వశాస్త్రం పెరిగాయి. ప్రశ్నించడం అనే ధర్మం అక్కడిది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ, రోగి, బానిస, పగవాడు మాత్రం ఆ నేలమీద నీడ దొరక్క మిగిలిపోయారు. వాళ్లకోసం దేవుడే కిందికి దిగివచ్చాడన్నది క్రైస్తవం. ఎవర్నీ వదలని దయ దాని ధర్మం. ప్రశ్న నోరు మూసినప్పుడల్లా ఆ దయే ముందు చచ్చిపోయింది.

ఈ రెండింటినీ ఒకే గుండెలో పెట్టుకోవడం సాధ్యమేనని బాసిల్ చూపించాడు. గ్రీకు దేవుళ్లను నమ్మనివాడు హోమర్‌ను బోధించకూడదని జూలియన్ 362లో క్రైస్తవ గురువులపై ఆంక్ష పెట్టాడు. కుష్ఠురోగులకు ఇల్లు కట్టిన బాసిల్ మాత్రం, గ్రీకు కావ్యాలు చదివి మేలైనది ఏరుకోమని యువకుల కోసం ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశాడు. ఏ మతంలో పుట్టినా, ఏ మతమూ వద్దనుకున్నా మనకు పనికొచ్చే పాఠం అది. దేవుడి పేరుతో ఎవరైనా ఏదైనా చేయమన్నప్పుడు సోక్రటీస్ అడిగిన ప్రశ్న అడగాలి. అది నిలబడితే, దానివల్ల అందరికన్నా బలహీనుడికి ఏం జరుగుతుందో చూడాలి. ఈ రెండు పరీక్షల్లో ఏ ఒక్కటి తప్పినా దాన్ని ధర్మమని ఒప్పుకోనక్కర్లేదు.